హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి క్షయ నివారణ చికిత్స: మార్గదర్శకాలు, అమలు

నేపథ్యం

క్షయ గాలి ద్వారా వ్యాపించే అంటువ్యాధి. దీనికి కారణం మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియా. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ దీన్ని కనుగొన్నట్లు 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. ఏటా ఆ తేదీని ప్రపంచ క్షయ దినంగా పాటిస్తారు. కాక్‌కు 1905లో నోబెల్ బహుమతి లభించింది. 1980ల నాటికి సంపన్న దేశాలు ఈ వ్యాధిని దాదాపు మరచిపోయాయి. హెచ్‌ఐవీ వ్యాప్తితో అది మళ్లీ విజృంభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో క్షయను ప్రపంచ అత్యవసర పరిస్థితిగా ప్రకటించడానికి ఇదొక ముఖ్య కారణం.

భారతదేశంలో హెచ్‌ఐవీని తొలిసారి 1986లో చెన్నైలో గుర్తించారు. ఈ ఘనత డాక్టర్ సునీతి సోలొమన్ బృందానిది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 1992లో ఏర్పడింది. హెచ్‌ఐవీకి ఇచ్చే యాంటీరెట్రోవైరల్ చికిత్స, అంటే ఏఆర్‌టీ, మందుల ఉచిత పంపిణీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో అధిక వ్యాప్తి గల ఆరు రాష్ట్రాలు తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, మణిపూర్, నాగాలాండ్. రక్తంలోని సీడీ4 రక్షణ కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ ఏఆర్‌టీ ఇవ్వాలనే విధానం 2017 నుంచి అమల్లో ఉంది.

క్షయ కార్యక్రమానికి సంబంధించి మూడు సంవత్సరాలు గుర్తుంచుకోవాలి. జాతీయ క్షయ కార్యక్రమం 1962లో మొదలైంది. సవరించిన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం 1997లో వచ్చింది. 2020లో దాని పేరును జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. ‘నియంత్రణ’ స్థానంలో ‘నిర్మూలన’ వచ్చిందన్న తేడాపై సర్వీసు పరీక్షల ప్రిలిమ్స్‌లో ప్రశ్న అడిగే అవకాశం ఉంది.

గణాంకాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా 1.08 కోట్ల మందికి క్షయ వ్యాధి వచ్చింది. 12.5 లక్షల మంది మరణించారు. వీరిలో 1.61 లక్షల మంది హెచ్‌ఐవీ ఉన్నవారు. మొత్తం కేసుల్లో 26 శాతం భారత్‌వే. నాకో 2021 అంచనాల ప్రకారం దేశంలో దాదాపు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వయోజనుల్లో వ్యాప్తి రేటు జాతీయ స్థాయిలో 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. రెండు తెలుగు రాష్ట్రాలూ జాతీయ సగటుకు రెట్టింపు కంటే పైనే ఉన్నాయి. కాబట్టి రాష్ట్ర సర్వీసు పరీక్షలకు సిద్ధమయ్యేవారికి ఇది పక్కన పెట్టదగిన అంశం కాదు.

సంక్రమణ, వ్యాధి: భేదం

ఈ పాఠమంతా ఒక్క భేదం మీద నిలబడి ఉంది. క్షయ బాక్టీరియా శరీరంలో ఉన్నా లక్షణాలు లేని, ఇతరులకు అంటించని స్థితిని గుప్త క్షయ సంక్రమణ అంటారు. బాక్టీరియా వృద్ధి చెంది దగ్గు, జ్వరం వంటి లక్షణాలు కలిగిస్తే అది క్రియాశీల క్షయ. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ బాక్టీరియా సోకి ఉంటుందని అంచనా. 2019-21 జాతీయ క్షయ వ్యాప్తి సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో ఈ సంక్రమణ సుమారు 31 శాతం.

ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తిలో రక్షణ కణాలు బాక్టీరియాను చుట్టుముట్టి గ్రాన్యులోమా అనే గూడులో బంధిస్తాయి. ఆ గూడు చెదిరిపోకుండా చూసేవి ప్రధానంగా సీడీ4 టీ-లింఫోసైట్లు. హెచ్‌ఐవీ దాడి చేసేది సరిగ్గా ఈ కణాలపైనే. హెచ్‌ఐవీ లేనివారిలో గుప్త సంక్రమణ వ్యాధిగా మారే అవకాశం జీవితకాలం మొత్తంలో 5 నుంచి 10 శాతం. హెచ్‌ఐవీ ఉండి చికిత్స పొందనివారిలో ఏడాదికే ఇంచుమించు అంత ముప్పు ఉంటుంది. ఏఆర్‌టీతో ఈ ముప్పు బాగా తగ్గుతుంది కానీ సాధారణ స్థాయికి రాదు. ఏఆర్‌టీ తీసుకుంటున్నవారికి క్షయ నివారణ మందు వేరుగా ఎందుకు అనే ప్రశ్నకు సమాధానం ఈ వాక్యమే.

నివారణ చికిత్స: నిర్వచనం, పరిణామం

క్రియాశీల క్షయ లేదని నిర్ధారించుకున్న తర్వాత, భవిష్యత్తులో అది రాకుండా ఇచ్చే మందుల క్రమాన్ని క్షయ నివారణ చికిత్స అంటారు. దీని సంక్షిప్త నామం టీపీటీ. ఐసోనియజిడ్ ఒక్కటే వాడితే దాన్ని ఐపీటీ అంటారు. ప్రతి ఐపీటీ టీపీటీయే గానీ, ప్రతి టీపీటీ ఐపీటీ కాదు.

ఐసోనియజిడ్ 1952లో క్షయ మందుగా వాడుకలోకి వచ్చింది. 1950ల చివర్లో అలాస్కాలోని బెథెల్ ప్రాంతంలో జార్జ్ కామ్‌స్టాక్ జరిపిన పరీక్షలు, ఈ మందు వ్యాధిని నయం చేయడమే కాక రాకుండా ఆపగలదని నిరూపించాయి. కామ్‌స్టాక్ తన కుటుంబంతో పాటు తానూ ఆ మందు వేసుకున్నాడు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ప్రయోజనాన్ని చూపిన తొలి అధ్యయనాల్లో 1993లో ప్రచురితమైన హైతీ అధ్యయనం ప్రముఖమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ‘త్రీ ఐస్’ అనే మూడంశాల వ్యూహాన్ని ముందుకు తెచ్చింది. అవి క్షయ కేసులను ముమ్మరంగా గుర్తించడం, ఐసోనియజిడ్ నివారణ చికిత్స, సంక్రమణ నియంత్రణ. 2011, 2018, 2020, 2024 సంవత్సరాల్లో వచ్చిన మార్గదర్శకాలు ఈ చట్రాన్ని విస్తరించాయి.

భారత్‌లో ఏఆర్‌టీ కేంద్రాల కోసం నాకో, కేంద్ర క్షయ విభాగం కలిసి 2016 డిసెంబరులో మార్గదర్శకాలు వెలువరించాయి. క్షయ, హెచ్‌ఐవీ రెండింటికీ ఒకే చోట సేవలందించే ‘సింగిల్ విండో’ పద్ధతి వీటి ముఖ్యాంశం. 2021 జులైలో వచ్చిన జాతీయ టీపీటీ మార్గదర్శకాలు స్వల్పకాలిక క్రమాలను చేర్చాయి.

లక్షణాల వడపోత

వైద్యుడు పాటించాల్సిన మొదటి నియమం: వచ్చిన ప్రతిసారీ, ప్రతి ఒక్కరినీ నాలుగు లక్షణాల గురించి అడగాలి. దీన్ని ‘ఫోర్ ఎస్ స్క్రీనింగ్’ అంటారు. పెద్దల్లో ప్రస్తుతం దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు అనేవి ఆ నాలుగు లక్షణాలు. పిల్లల్లో దగ్గు, జ్వరంతో పాటు బరువు పెరగకపోవడం, క్షయ రోగితో సంపర్కం చూస్తారు. సాధారణ రోగుల్లో దగ్గు రెండు వారాలు దాటితేనే క్షయను అనుమానిస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఆ గడువు వర్తించదు. ఎన్ని రోజుల దగ్గయినా లెక్కలోకి వస్తుంది.

నెల మందులకు వచ్చిన ఒక మహిళను ఉదాహరణగా తీసుకుందాం. ఆమె చేతిలో గ్రీన్ బుక్ అనే చికిత్స పుస్తకం ఉంటుంది. కేంద్రంలో ఆమె పేరిట వైట్ కార్డు అనే రికార్డు ఉంటుంది. నర్సు బరువు చూస్తుంది. గత నెల 46 కిలోలు, ఈ నెల 43. దగ్గు ఉందా అంటే ‘లేదు’ అంటుంది, జ్వరమా అంటే ‘అదేం లేదు’ అంటుంది. బరువు గళ్లలో రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆమె లక్షణాలు లేని వ్యక్తిగానే వైద్యుడి గదిలోకి వెళుతుంది. చూస్తే మాత్రం ఆమె లక్షణాలున్న వ్యక్తి. కళ్లె నమూనాను సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షకు పంపాలి. ఫలితం తేలేవరకు నివారణ మందు మొదలుపెట్టకూడదు. పాఠ్యపుస్తకంలో ఒక్క పంక్తిలో ముగిసే ‘వడపోత’ ఆచరణలో ఇంత శ్రద్ధ కోరుతుంది.

వడపోత బలం దాని ప్రతికూల ఫలితంలో ఉంది. 2011లో ప్రచురితమైన బహుళ అధ్యయన విశ్లేషణలో నాలుగు లక్షణాల సున్నితత్వం 78.9 శాతం, నిర్దిష్టత 49.6 శాతం. క్షయ వ్యాప్తి 5 శాతంగా ఉన్నచోట, ఏ లక్షణమూ లేనివారిలో 97.7 శాతం మందికి నిజంగానే క్షయ లేదు. అయితే ఏఆర్‌టీ తీసుకుంటున్నవారిలో సున్నితత్వం సుమారు 51 శాతానికి పడిపోతుందని తర్వాతి విశ్లేషణ తేల్చింది. అందుకే వీరికి ఛాతీ ఎక్స్‌రే అదనంగా సూచించారు. అయితే ఎక్స్‌రే సౌకర్యం లేదన్న కారణంతో టీపీటీని ఆపకూడదు. అలాగే ట్యుబర్‌క్యులిన్ చర్మ పరీక్ష గానీ, ఇగ్రా రక్త పరీక్ష గానీ హెచ్‌ఐవీ ఉన్నవారికి తప్పనిసరి కాదు. పరీక్షలో ‘తప్పనిసరి’ అని ఇస్తే ఆ ఐచ్ఛికం తప్పు.

చికిత్సా క్రమాలు

6హెచ్: ఐసోనియజిడ్ రోజూ, 6 నెలలు. పెద్దలకు 300 మిల్లీగ్రాములు, పిల్లలకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. నరాల మంటలు, తిమ్మిర్లు రాకుండా పైరిడాక్సిన్, అంటే బి6 విటమిన్, జత చేస్తారు. నాకో మార్గదర్శకాల్లో ఇది పెద్దలకు 50, పిల్లలకు 25 మిల్లీగ్రాములు.

3హెచ్‌పీ: ఐసోనియజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒకసారి, 12 వారాలు. పెద్దలకు ఒక్కొక్కటి 900 మిల్లీగ్రాములు. మొత్తం మోతాదులు 12 మాత్రమే.

1హెచ్‌పీ: ఇవే రెండు మందులు రోజూ, 28 రోజులు. పది దేశాల్లో 3,000 మంది హెచ్‌ఐవీ ఉన్నవారిపై జరిగి 2019లో ప్రచురితమైన బ్రీఫ్-టీబీ అధ్యయనం, ఇది 9 నెలల ఐసోనియజిడ్‌కు తీసిపోదని చూపింది.

రిఫాపెంటిన్ ఉన్నచోట వైద్యుడు ఏఆర్‌టీ మందుల పేర్లు చూడకుండా ముందుకు వెళ్లకూడదు. నెవిరాపిన్‌తోనూ, ప్రోటియేజ్ నిరోధకాలతోనూ ఇది పొసగదు, వాటి స్థాయిని రక్తంలో తగ్గించేస్తుంది. డోలుటెగ్రవిర్, ఎఫావిరెంజ్ వాడుతున్నవారికి 3హెచ్‌పీ ఇవ్వవచ్చు. క్రియాశీల క్షయ చికిత్సలో వాడే రిఫాంపిసిన్ విషయం వేరు. దానితో పాటు డోలుటెగ్రవిర్ ఇస్తే 50 మిల్లీగ్రాముల మోతాదును రోజుకు రెండుసార్లు ఇవ్వాలి. ఈ రెండు సందర్భాలను కలిపేసి అడిగే ప్రశ్నలో చాలామంది పొరపడతారు.

ఎవరికి ఇవ్వకూడదు: క్రియాశీల క్షయ ఉన్నవారికి, తీవ్రమైన కాలేయ వాపు ఉన్నవారికి, క్రమం తప్పక అధికంగా మద్యం తాగేవారికి, నరాల సమస్య లక్షణాలు ఉన్నవారికి.

మార్గదర్శకం ఉన్నా మందు ఎందుకు రాయరు?

మెయిన్స్‌కు సిద్ధమయ్యేవారు ఎక్కువ సమయం ఇవ్వాల్సిన భాగం ఇది. నివారణ మందు చవకైనది, పాతది, ఆధారాలు గట్టిగా ఉన్నది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన తర్వాత చాలా ఏళ్లపాటు అత్యధిక దేశాల్లో అది కాగితంపైనే ఉండిపోయింది. అడ్డంకి ఎక్కువగా ఎదురైంది రోగి దగ్గర కాదు, చీటీ రాసే బల్ల దగ్గర. వైద్యుల సంకోచాలను నిర్లక్ష్యంగా కొట్టిపారేయకూడదు. ఒక్కోదాని వెనుక ఒక వైద్య కారణం ఉంది.

మొదటిది ఔషధ నిరోధకత భయం. గుర్తించని క్రియాశీల క్షయ ఉన్న వ్యక్తికి ఒక్క ఐసోనియజిడ్ ఇస్తే బాక్టీరియా దానికి లొంగకుండా పోవచ్చు. భారత్‌లో ఈ భయానికి ఆధారం ఉంది. 2014-16 జాతీయ ఔషధ నిరోధకత సర్వేలో కొత్త క్షయ రోగుల్లోనే 11.06 శాతం మందిలో ఐసోనియజిడ్ నిరోధకత కనిపించింది. బహుళ ఔషధ నిరోధక క్షయ మొత్తం మీద 6.19 శాతం. అయితే నివారణ చికిత్స వల్ల నిరోధకత పెరిగిందని 2006లో వెలువడిన విశ్లేషణలో గణాంకపరంగా రుజువు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వైఖరీ అదే. గుప్త స్థితిలో బాక్టీరియా సంఖ్య చాలా స్వల్పం కావడం దీనికి శాస్త్రీయ వివరణ. నిరోధకతకు నిజమైన విరుగుడు మందు మానేయడం కాదు, వడపోతను సరిగ్గా చేయడం.

రెండోది కాలేయంపై ప్రభావం. ఏఆర్‌టీని, కోట్రిమాక్సజోల్ అనే యాంటీబయోటిక్‌ను ఇప్పటికే వాడుతున్న వ్యక్తికి మరో మందు చేర్చడానికి వైద్యుడు జంకుతాడు. కామెర్లు, వాంతులు, ఆకలి మందగించడం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే వెంటనే ఆపి రమ్మని ముందే చెప్పాలి. కాలేయ ఎంజైములు లక్షణాలతో పాటు సాధారణ గరిష్ఠ స్థాయికి 3 రెట్లు, లక్షణాలు లేకున్నా 5 రెట్లు దాటితే చికిత్స నిలిపివేయాలి. రిఫాపెంటిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారడం ప్రమాదం కాదు. ఇది ముందుగా చెప్పకపోతే రోగి బెదిరి మానేస్తాడు.

మూడోది బాధ్యత ఎవరిదన్న సందిగ్ధం. క్షయ కార్యక్రమం ఒక విభాగం, హెచ్‌ఐవీ కార్యక్రమం మరో విభాగం. మందు ఒకరి దగ్గర, రోగి మరొకరి దగ్గర ఉన్నప్పుడు చీటీ ఆగిపోతుంది. సింగిల్ విండో పద్ధతి వచ్చింది ఈ చిక్కు విప్పడానికే. దీనికి మందుల కొరత, రద్దీ తోడవుతాయి. ఉదయం నుంచి బారులు తీరిన కేంద్రంలో లక్షణాలు లేని వ్యక్తికి కొత్త మందు గురించి వివరించే సమయాన్ని వైద్యుడికి వ్యవస్థే కల్పించాలి. అది కల్పించకుండా లోపమంతా వైద్యుడిపై మోపడం న్యాయం కాదు.

శిక్షణ ప్రభావం: బ్రెజిల్ అధ్యయనం

వైద్యులు మార్గదర్శకాన్ని నిజంగా పాటిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చినది రియో డి జనీరోలో జరిగిన త్రియో అధ్యయనం. అక్కడ నివారణ చికిత్స జాతీయ విధానంలో అప్పటికే ఉంది, అమలు మాత్రం బలహీనంగా ఉంది. 2005లో మొదలుపెట్టి 29 హెచ్‌ఐవీ క్లినిక్‌ల సిబ్బందికి దశలవారీగా శిక్షణ ఇచ్చారు. ఏ క్లినిక్ ఎప్పుడన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. కొత్త మందు లేదు, కొత్త పరికరం లేదు. ఉన్న నియమాన్ని పాటించేలా చేయడమే ప్రయోగం. 2013లో ప్రచురితమైన ఫలితాల్లో, రోగుల మధ్య తేడాలను సర్దుబాటు చేశాక, క్షయ ముప్పు 27 శాతం, క్షయ లేదా మరణం ముప్పు 31 శాతం తగ్గాయి. మెయిన్స్ సమాధానంలో ఒక్క అధ్యయనాన్నే ఉదహరించే చోటుంటే దీన్నే ఉదహరించాలి.

ఇతర ఆధారాలను క్లుప్తంగా చూస్తే, కోత్ దివ్వార్‌లో జరిగిన టెంప్రానో అధ్యయనంలో 6 నెలల ఐసోనియజిడ్ పొందినవారిలో మరణాలు 37 శాతం తగ్గాయి. ముందుగానే ఏఆర్‌టీ మొదలుపెట్టినవారికీ ఈ ప్రయోజనం వర్తించింది. దక్షిణాఫ్రికా, ఇథియోపియా, మొజాంబిక్‌లలో జరిగిన విప్3టీబీ అధ్యయనంలో 3హెచ్‌పీని 90.4 శాతం మంది పూర్తి చేయగా, 6హెచ్‌ను పూర్తి చేసినవారు 50.5 శాతమే. ఏఆర్‌టీ తీసుకుంటున్నవారికి 3హెచ్‌పీని ఏటా తిరిగి ఇవ్వడం వల్ల అదనపు లాభం లేదని కూడా అది తేల్చింది.

అంతర్జాతీయ లక్ష్యాలు, చట్టం

ఐక్యరాజ్యసమితి 2018 ఉన్నతస్థాయి సమావేశం 2018-22 మధ్య 3 కోట్ల మందికి టీపీటీ అందించాలని లక్ష్యం పెట్టింది. అందింది 1.55 కోట్ల మందికి, అంటే 52 శాతం. కానీ హెచ్‌ఐవీ ఉన్నవారి ఉప లక్ష్యమైన 60 లక్షలను గడువుకు ముందే దాటేశారు. వెనకబడింది క్షయ రోగుల కుటుంబ సభ్యుల విభాగం. కారణం ఊహించదగినదే. ఏఆర్‌టీ కోసం కేంద్రానికి క్రమం తప్పక వచ్చేవారికి మందు చేర్చడం, ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యంగా కనిపిస్తున్నవారిని ఒప్పించడం కంటే సులభం.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 14 ప్రకారం ఏఆర్‌టీతో పాటు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు వచ్చే అవకాశవాద సంక్రమణల చికిత్సను ప్రభుత్వాలు వీలైనంతవరకు అందించాలి. హెచ్‌ఐవీ స్థితిని సమ్మతి లేకుండా వెల్లడించడాన్ని చట్టం నిషేధిస్తుంది. క్షయ కేసులను ప్రభుత్వానికి తెలియజేయడం 2012 మే నుంచి ప్రైవేటు వైద్యులకూ తప్పనిసరి. ఒకే రోగి విషయంలో ఒక వ్యాధికి గోప్యత, మరో వ్యాధికి నివేదన వర్తిస్తాయి.

సంక్రమణ నియంత్రణ

త్రీ ఐస్‌లో తక్కువ చర్చకు వచ్చేది ఇదే. రోగనిరోధక శక్తి తగ్గినవారంతా ఒకే గదిలో వేచి ఉండే చోటు ఏఆర్‌టీ కేంద్రం. దగ్గుతున్న వ్యక్తిని వరుసలో నిలబెట్టకుండా ముందుగా చూసి పంపడం, మాస్కు ఇవ్వడం, కిటికీలు తెరిచి ఉంచడం ఇందులోని ప్రధాన చర్యలు. కిటికీ తెరవడానికి బడ్జెట్ కేటాయింపు అక్కర్లేదు.

అభ్యర్థులు తడబడే అంశాలు

గతంలో క్షయ వచ్చి నయమైనవారికి టీపీటీ వర్తించదనుకోవడం పొరపాటు. హెచ్‌ఐవీ ఉన్నవారు క్షయ చికిత్స పూర్తి చేసుకున్న తర్వాత కూడా వారికి నివారణ మందు ఇస్తారు, ఎందుకంటే కొత్తగా బాక్టీరియా సోకే ముప్పు వారికి మిగిలే ఉంటుంది. గర్భిణులకు ఐసోనియజిడ్ నిషిద్ధం కాదు, కాలేయంపై నిఘా అవసరం. రిఫాపెంటిన్ క్రమాలను మాత్రం గర్భిణులకు సూచించరు. హెచ్‌ఐవీ ఉన్న ఏడాది దాటిన పిల్లలకు, క్రియాశీల క్షయ లేదని తేలితే, సంపర్కంతో నిమిత్తం లేకుండా టీపీటీ ఇస్తారు. ఏడాది లోపు శిశువులకు క్షయ రోగితో సంపర్కం ఉంటేనే ఇస్తారు.